పక్కవైపు బొమ్మ

పొద్దున ఆరున్నరకు ఆయన యంత్రానికి పరీక్ష పెడుతున్నాడు. పెద్ద పళ్ళేల్లాంటి రెండు కెమెరాల మధ్య, బల్ల మీద, పుస్తకమంత మందం ఉన్న పలకను పరిచి, అద్దం గోడ ఇవతలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పలక నిండా రేడియోధార్మిక పదార్థం సమంగా పరుచుకుని ఉంటుంది. కాబట్టి తెర మీద బొమ్మ కూడా సమంగా రావాలి. ఎక్కడా మచ్చ ఉండకూడదు. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని చినుకులు రాలి, కాసేపటికి తెరంతా సన్నటి తుంపర పడ్డట్టు నిండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే. అయినా ఆ తుంపర నిండుతున్నంతసేపూ ఆయన టీ గ్లాసు నోటిదాకా తెచ్చి తాగడం మరిచిపోతాడు.

ఆయన పొట్టి మనిషి. వేళ్ళు పొట్టివి, గోళ్ళు కండ దాకా కత్తిరించి ఉంటాయి. చూపుడువేలితో బొటనవేలి కొసను రుద్దుకుంటూ ఆలోచించడం అలవాటు. ఆస్పత్రిలో ఆయన అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆయన 'కదలకండి' మాస్టారు. రోజంతా మనుషులను బల్ల మీద పడుకోబెట్టి ఆయన చెప్పే మాట అదొక్కటే. పెళ్ళైన కొత్తలో భార్యతో ఫోటో తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఫోటోగ్రాఫర్ కన్నా ముందు తనే "కదలకండి" అన్నాడట. పక్కనున్న ఆవిడ నవ్వాపుకోలేక ఊగిపోయింది. ఫోటోలో ఆయన మేకు కొట్టినట్టు నిలబడి ఉంటాడు, ఆవిడ ముఖం మసకగా ఉంటుంది. మళ్ళీ తీయించుకుందామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ముందుగదిలో గోడకు ఉన్నది అదే.

ఇక్కడి బొమ్మ బయటి వెలుగుతో తీసేది కాదు. రోగి ఒంట్లోకి కాస్త మందు సూదితో ఎక్కిస్తారు. ఎముకలో ఎక్కడ పని ఎక్కువగా జరుగుతుంటే మందు అక్కడికి ఎక్కువగా చేరి మెరుస్తుంది. ఆ మెరుపు కంటికి కనిపించదు, కెమెరాకు కనిపిస్తుంది. విరిగి అతుక్కుంటున్న ఎముకా మెరుస్తుంది, అరిగిన మోకాలూ మెరుస్తుంది, జబ్బు పాకిన ఎముకా మెరుస్తుంది. ఏది ఏదో చెప్పాల్సింది డాక్టరమ్మ. ఆమె తప్పు చెప్పకుండా ఉండేలాంటి బొమ్మ ఇవ్వాల్సింది ఆయన.

ఆయన గుండె బొమ్మ కూడా ఈ బల్ల మీదే తీశారు. మూడు నెలల కిందట మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉందంటే డాక్టరమ్మ వినకుండా పడుకోబెట్టింది. బొమ్మ చుట్టూ ఒకే రంగులో, ఎక్కడా వెలితి లేకుండా వచ్చింది. మీ గుండె మీ పలకలాగే ఉంది మాస్టారూ అని నవ్విందామె. ఆ రాత్రి ఆయన భార్యకు ఆ బొమ్మ చూపించి, ఎక్కడ ఏముందో వేలు పెట్టి మరీ చెప్పాడు. అప్పటినుంచి దవడలో లాగుడు వచ్చినప్పుడల్లా ఆ నేరం పంటి మీదికి నెట్టేస్తున్నాడు.

ఎనిమిదింటికి మొదటి సూది టైలరమ్మకు. నలభై దాటిన సన్నటి మనిషి, మధ్యవేలి కొస నిండా సూదిపోట్ల మచ్చలు. వెంట ఆడపడుచు ఉంది, చేతిలో ఎర్రగొడుగుతో. టైలరమ్మ రొమ్ములో గడ్డ ఉంది. రేపటి ఆపరేషన్ల జాబితాలో ఆమె ఉంది, కానీ ఎముకలు శుభ్రంగా ఉంటేనే. గడ్డ ఎముకలకు పాకి ఉంటే కత్తి పెట్టి లాభం లేదు, మందులతో నెట్టుకురావడమే. జాబితా సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు.

సీసపు ఇటుకల వెనకనుంచి సిరంజి తెస్తుంటే టైలరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"రోజూ సూదితోనే బతుకుతావు కదే వదినా, సూదంటే భయమేంటి?" అంది ఆడపడుచు.

"నా చేతిలో ఉంటే భయం లేదు."

ఆయన నవ్వాడు. చెయ్యి మీద దూది పెట్టి, గట్టిగా నొక్కిపట్టి రక్తం ఆగాక ఆ డబ్బాలో వేయమని చూపించి, తర్వాతి మనిషి వైపు తిరిగాడు.

మందు ఎముకలకు చేరడానికి మూడు గంటలు. అంతసేపూ నీళ్ళు తాగాలి. పదకొండున్నరకు ఆమెను లోపలికి పిలిచి, జేబుల్లో ఉన్నవన్నీ తీసేయమన్నాడు. రెండు జేబుల్లోంచి తాళాలు, టేపు, అరిగిన సుద్దముక్క బయటికి వచ్చాయి. ఇంకేమైనా ఉన్నాయా అంటే ఏమీ లేవంది. లోహం లేని బట్టలైతే మార్చుకోమని అడగడం ఇక్కడ అలవాటు లేదు. పడుకోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, తన మాట తను చెప్పాడు. బల్ల నత్తలా కదిలింది. ఇరవై నిమిషాల్లో ముందువైపు బొమ్మ ఒకటి, వెనకవైపు బొమ్మ ఒకటి.

రోగిని లేపేముందు బొమ్మను నిదానంగా చూడాలి. ఏ కాస్త అనుమానం ఉన్నా పక్కవైపునుంచి ఇంకొకటి తీయాలి. అది ఎక్కడా రాసి లేదు, ఆయన పెట్టుకున్న నియమం. కానీ అప్పటికే గుమ్మంలో స్ట్రెచర్ ఉంది. దాని మీద ఊపిరందక పెదవులు నీలంగా మారిన మనిషి, రెండు భుజాలూ ఎగరేస్తూ గాలి కోసం పెనుగులాడుతున్నాడు. ఊపిరితిత్తుల బొమ్మ వెంటనే కావాలి. ఆయన తెర వైపు ఒక్క చూపు చూసి టైలరమ్మను లేపేశాడు.

ఊపిరందని మనిషి పని అయి, అతన్ని పైకి పంపేసరికి రెండు దాటింది. భోజనం డబ్బా తెరిచి, అలవాటు ప్రకారం పొద్దుటి బొమ్మలు తెర మీద పెట్టుకున్నాడు. మూడో బొమ్మ టైలరమ్మది. కుడి తుంటి దగ్గర గోరంత మచ్చ, మండుతున్నట్టు ఉంది.

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

బొమ్మ కింద డాక్టరమ్మ రిపోర్టు అప్పటికే రాసేసింది. ఎముకకు పాకినట్టు అనుమానం. ఆ రిపోర్టు పైన వార్డుకు వెళ్ళిపోయింది కూడా.

ఆయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. మచ్చ అంచు మరీ తేటగా ఉంది. ఒంటి లోపలి మెరుపు కండ దాటి వచ్చేసరికి కాస్త చెదిరి కనిపిస్తుంది, పరదా వెనక దీపంలా. ఇది పరదా ముందు పెట్టిన దీపంలా ఉంది. పైగా ముందు బొమ్మలో ఇంత మండుతున్నది వెనక బొమ్మలో దాదాపు లేదు. బొటనవేలి కొస రుద్దుకుంటూ మరో నిమిషం చూశాడు. డబ్బా మూత పెట్టేసి డాక్టరమ్మ గదికి వెళ్ళాడు.

ఆమె ఓపిగ్గానే విన్నది. తుంటిలో ఆ భాగం ముందుకు ఉంటుందనీ, వెనకనుంచి మసకగా రావడం మామూలేననీ చెప్పింది. అది ఆయనకూ తెలుసు.

"పక్కవైపు బొమ్మ ఏం చెబుతోంది?" అంది, తెర మీద వెతుకుతూ.

"పక్కవైపు తీయలేదమ్మా."

ఆమె తలెత్తి చూసింది. ఈ గదిలో పని నేర్చుకున్న ఆరేళ్ళలో ఆయన నోట ఆ మాట వినలేదు.

"స్ట్రెచర్ వచ్చింది. తొందరపడ్డాను," అన్నాడు. "నాలుగు నిమిషాలు ఇవ్వండి. ఎముకలో ఉన్నదైతే ఎటునుంచి చూసినా ఎముకలోనే ఉంటుంది. అప్పుడు మీ రిపోర్టు మీదే."

ఆమె గడియారం చూసింది. రెండూ ముప్పై ఐదు. మూడున్నరకు కెమెరా మీద ఇంకో రోగి ఉంటాడు, నాలుగింటికి జాబితా మూసేస్తారు. ముందు ఆమెను తీసుకురండి అంది.

వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. లిఫ్టు ముందు ఒక మంచం, మంచం చుట్టూ ఒక కుటుంబం. వార్డు నాలుగో అంతస్తు. ఆయన మెట్ల వైపు తిరిగాడు.

రెండో అంతస్తు మలుపులో మెట్ల కమ్మీ పట్టుకుని ఆగాల్సి వచ్చింది. దవడ లాగుతోంది, ఎడమ చెయ్యి తనది కానట్టు బరువుగా ఉంది. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ఏటా పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు ఆయనే చెప్పే పాఠం అది. గుండె బొమ్మ గుండెలో ఏ భాగానికి ఎంత రక్తం అందుతోందో చెప్పదు, ఏ భాగంకన్నా ఏ భాగానికి తక్కువ అందుతోందో చెబుతుంది. మూడు నాళాల్లో ఒకటి మూసుకుపోతే అక్కడ వెలితి కనిపిస్తుంది. మూడూ సరిసమానంగా మూసుకుపోతే పోల్చుకోవడానికి బాగున్న చోటే ఉండదు. బొమ్మ చుట్టూ ఒకే రంగులో, చక్కగా వస్తుంది.

చక్కగా వస్తుంది అని పైకే అనుకున్నాడు. మెట్లు దిగుతున్న ఎవరో ఆయన వైపు చూశారు. సాయంత్రం డాక్టరమ్మకు చెప్పాలి, ముందు ఈ పని కానీ అనుకుని మూడో అంతస్తు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

వార్డులో ఆ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి అప్పటికే మార్చేశారు. సర్జన్ గారు వచ్చి ఆపరేషన్ లేదని చెప్పి వెళ్ళారనీ, మందుల చీటీ ఇచ్చి పంపేశామనీ, ఆవిడ మంచం మీద పక్క సర్దిపెట్టి మరీ వెళ్ళిందనీ చెప్పింది నర్సు. ఎంతసేపైందంటే పది నిమిషాలంది. మీరేంటి మాస్టారూ అలా ఉన్నారు, కూర్చోండి అని ఆమె కుర్చీ లాగేసరికే ఆయన గుమ్మం దాటాడు.

దిగడం నయం. మెట్లు, వరండా, మందుల కొట్టు ముందు వరస, గేటు. ఎండ కళ్ళల్లోకి కొట్టింది. రోడ్డు అవతల బస్టాపులో ఎర్రగొడుగు కనిపించింది. బస్సు కూడా వచ్చి ఆగే ఉంది. గొడుగు ముడుచుకుంది. ఆడపడుచు ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి చెయ్యి చాచింది.

పిలవడానికి ఆయనకు వాళ్ళ పేర్లు గుర్తురాలేదు. ఊపిరి కూడా ఒక్క మాటకే సరిపోయేలా ఉంది.

"కదలకండి!"

బస్సెక్కబోతున్న ఏడుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. డ్రైవరు కూడా స్టీరింగు మీదనుంచి చేతులు తీసేశాడు.

ఆయన రోడ్డు దాటి వెళ్ళి, బస్టాపు స్తంభానికి ఆనుకుని, ఇంకొక్క బొమ్మ తీయాలని చెప్పాడు. మళ్ళీ సూది ఉండదు, పొద్దున ఎక్కించిన మందు ఇంకా బొమ్మకు సరిపడా ఉంది, నాలుగు నిమిషాల పని అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

టైలరమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "ఫోటోలో నేను బాగా పడలేదా సార్?"

"మీరు బాగానే పడ్డారు. నేనే సరిగా తీయలేదు."

"అయితే ఆ మచ్చ లేదంటారా?" అంది ఆడపడుచు.

"అలా అనడం లేదమ్మా. చూడాల్సిన వైపునుంచి చూడలేదు, చూస్తానంటున్నాను. ఉంటే ఉన్నట్టే చెప్తాను."

"ఒకసారి చచ్చాం, చాలదా సార్? మళ్ళీ చంపడానికి తీసుకెళ్తారా?"

టైలరమ్మే ఆడపడుచు చేతిలోంచి సంచి తీసుకుంది. "పదవే. వంకర కుట్టు పడిందేమోనని ఆయనే వచ్చి చెప్తుంటే చూపించుకోనా?"

మూడూ పదికి ఆమె మళ్ళీ బల్ల మీద పడుకుంది. కెమెరాను ఆమె కుడిపక్కకు తిప్పి నిలబెట్టి, తనొచ్చి అద్దం ఇవతల కూర్చున్నాడు. డాక్టరమ్మ కుర్చీ వెనక నిలబడింది. తెర మీద చినుకులు రాలడం మొదలైంది. మొదటి నిమిషంలో ఏమీ తెలియలేదు. రెండో నిమిషంలో తుంటి ఎముక వంపు తేలింది, పక్కనుంచి చూసిన చెవి డొప్పలా. ఆ వంపు మీద ఎక్కడా మచ్చ లేదు. ఇంకా నిండలేదుగా అంది డాక్టరమ్మ, ఎవరూ ఏమీ అడగకుండానే. మూడో నిమిషంలో మచ్చ వచ్చింది.

ఎముకలో కాదు. కండలో కూడా కాదు. ఒంటి అంచుకు వేలెడు ఎడంగా, బయట, గాల్లో వేలాడుతున్నట్టు ఉంది.

డాక్టరమ్మ తెరమీదికి ఇంకా వంగింది. ఆమె ఊపిరి ఆయన చెవికి తగిలింది.

ఆయన లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, రేడియోధార్మికతను పట్టే చేతి మీటరును టైలరమ్మ ఒంటికి జానెడు ఎత్తున మోకాలినుంచి పైకి జరుపుకుంటూ వచ్చాడు. అది మామూలుగా టిక్కుటిక్కుమంటూ వచ్చి, కుడి తుంటి మీదికి చేరగానే పెనం మీద నీళ్ళు చల్లినట్టు చిటపటలాడింది.

"ఇక్కడేం ఉందమ్మా?"

"ఏం లేదు సార్." తర్వాత ఆమె చెయ్యి తనంతట తనే నడుము దగ్గరికి వెళ్ళింది. ముందువైపు కుట్టు వెంట ఎవరికీ కనిపించకుండా లోపలికి ఒక చీలిక ఉంది, రెండు వేళ్ళు పట్టేంత.

"జేబుల్లో ఏమీ లేవన్నారు కదా."

"అది జేబు కాదు సార్," అందామె. ముఖం ఎర్రబడింది. "అది నా అలవాటు."

చెప్పింది. ఇరవై ఏళ్ళుగా మిషను ముందు కూర్చుంటుంది. దారపు ముక్కైనా గుడ్డపీలికైనా కింద పడేస్తే మళ్ళీ తనే ఊడవాలి కాబట్టి, వేసుకునే ప్రతి దుస్తుకూ నడుము దగ్గర ఇలాంటిది ఒకటి కుట్టుకుంటుంది. చేతికొచ్చిన చెత్త అందులో పెట్టడం, సాయంత్రం దులిపేయడం. పొద్దున రక్తం ఆగాక దూదిని కూడా అలాగే పెట్టేసింది. ఆయన డబ్బా చూపించినప్పుడు ఆవిడ అటు చూడలేదు, సూది పోయిందో లేదోనని ఇటు చూస్తోంది.

ఆయన చేతితొడుగు వేసుకుని, పట్టుకారుతో దూదిని బయటికి లాగాడు. బఠాణీగింజంత రక్తపు మరక. దాంతోపాటు సూదికొసనుంచి చిమ్మిన మందు చుక్క ఏదో ఉండి ఉంటుంది. బట్టలు మార్పించి, మీటరు ఇంకోసారి తిప్పి, మళ్ళీ పడుకోబెట్టి ముందునుంచీ పక్కనుంచీ రెండు బొమ్మలు తీశాడు. మూడున్నర రోగి బయట గొణుగుతున్నాడు. రెండు బొమ్మల్లోనూ తుంటి మామూలు తుంటి.

డాక్టరమ్మ నిలబడే రిపోర్టు మార్చి రాసి, సర్జన్‌కు ఫోన్ చేసింది. అవతల ఆయన చాలాసేపు కోప్పడుతున్నట్టుంది, ఆమె రిసీవరు చెవికి కాస్త ఎడంగా పట్టుకుంది. మూడూ నలభై ఎనిమిదికి ఫోన్ పెట్టేసి, "రేపు రెండో కేసు," అంది.

ఆడపడుచు వదినను పట్టుకుని ఏడుస్తూనే తిట్టింది. వదినా, నీ శుభ్రం తగలెయ్య, ముక్కు చీదిన గుడ్డ కూడా దాచిపెడతావే నువ్వు, అన్నయ్యకు చెప్తాను ఉండు అంది. టైలరమ్మ కూర్చుని తన సూదిపోట్ల వేలిని చూసుకుంటూ నవ్వింది. తర్వాత ఆమె చూపు ఆయన కోటు మీదికి వెళ్ళింది. చెమటకు తడిసి వీపుకు అంటుకుని ఉంది. ముందువైపు రెండో బొత్తాం ఒకే ఒక్క పోగు మీద వేలాడుతోంది.

"ఇలా ఇవ్వండి సార్."

ఫర్వాలేదమ్మా అన్నాడు. ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. విప్పి పక్కన పెట్టిన తన దుస్తు మెడపట్టీ అడుగునుంచి సూది తీసింది, అందులో దారం ఎక్కించే ఉంది. ఆయన ముందు సూదిమీద, తర్వాత ఆవిడ వేళ్ళమీద మీటరు తిప్పి, ఏమీ లేదని తేలాకే కోటు విప్పి ఇచ్చాడు. చేతిలో సూది ఉన్నప్పుడు ఆవిడ వేరే మనిషి. ఆరు పోట్లు, బొత్తాం అడుగు దారాల చుట్టూ మూడు చుట్లు, ఒక ముడి. కత్తెర లేక దారాన్ని పళ్ళతో కొరికేసింది. తెల్లదారం లేదు సార్, నీలమే ఉంది అంది. నీలమే బాగుందన్నాడు. కోటును తలుపు వెనక కొక్కేనికి తగిలించి, ఆడపడుచుతో కలిసి లిఫ్టులో పైకి వెళ్ళిపోయింది.

మూడున్నర రోగి పని నాలుగూ నలభైకి అయింది. బల్ల తుడిచి, కెమెరాలు వెనక్కి జరిపి, చేతులు కడుక్కుని, ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. దవడ సంగతి చెప్పలేదు. బస్టాపులో తనొక్క మాట అనేసరికి డ్రైవరుతో సహా అందరూ బిగుసుకుపోయారని చెప్పాడు. అవతల భార్య నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వు తొందరగా ఆగే రకం కాదు. మధ్యలో ఆపి, మళ్ళీ డ్రైవరు గుర్తొచ్చి నవ్వింది. ఆయన అది పూర్తయ్యేదాకా విని, వస్తున్నాను అని పెట్టేశాడు. డాక్టరమ్మకు చెప్పాల్సింది ఒకటుందని లేవబోయి, కాసేపాగి వెళ్దామని మళ్ళీ కూర్చున్నాడు.

ఐదున్నరకు డాక్టరమ్మే వచ్చింది. రేపటినుంచి పడుకోబెట్టే ముందు ప్రతి ఒక్కరికీ బట్టలు మార్పించి మీటరు తిప్పుదాం మాస్టారూ అంది గుమ్మంలోంచే. సర్జన్ గారికి కోపం తగ్గింది, మిమ్మల్ని అడిగారు అని కూడా అంది. తెర మీద టైలరమ్మ పక్కవైపు బొమ్మ ఉంది. ఆయన దాని వైపే తిరిగి కూర్చుని ఉన్నాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆయనలో ఊపిరి లేదని ఆమెకు తెలియలేదు.

మర్నాడు పదింటికి టైలరమ్మను ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కింద గదిలో వేరే సెక్షన్‌నుంచి వచ్చిన మనిషి యంత్రం పక్కన నిలబడి, ఏది ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. అతను తలుపు మూసినప్పుడల్లా వెనక కొక్కేనికి ఉన్న కోటు కాస్త ఊగి ఆగుతోంది. దాని రెండో బొత్తాం ఇప్పుడు గుడ్డను గట్టిగా పట్టుకుని ఉంది. నీలం దారం, పళ్ళతో కొరికిన కొస ఇంకా కొంచెం పైకి లేచి ఉంది.